హుఫూఫ్ ఉత్తరం: పుచ్చకాయా, ఖర్జూరపు గింజా

ఈ నెల వేసవి జాగ్రత్తలు వ్రాద్దామనుకున్నాం. ఇంతలో ఇంట్లో తొమ్మిదో తరగతి పరీక్షలు వచ్చిపడ్డాయి. మన కుటుంబాలన్నింటా ఇదే గొడవ కనుక ఆ సంగతే వ్రాస్తున్నాం.

పాఠం పరమాణు నిర్మాణం. మా అమ్మాయి థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ ముగ్గురినీ గడగడా ఒప్పజెప్పి, పుస్తకం మూసి, "నాన్నా, థామ్సన్ చెప్పింది తప్పని తేలిపోయిందిగా, ఇంకా ఎందుకు చదవాలి?" అంది. "పరీక్షలో అడుగుతారు కనుక" అన్నాం. అన్నాక సిగ్గేసింది. ఇంటర్‌లో మేమూ మెడికల్ సీటు కోసం గైడు బట్టీపట్టి, పుచ్చకాయ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న బాపతే. అది ఎందుకు తప్పో మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

శుక్రవారం మళ్ళీ కూర్చున్నాం, ఈసారి డాక్టరు పద్ధతిలో. 1897లో ఎలక్ట్రాన్ బయటపడింది. అది ఋణావేశం. పరమాణువుకేమో మొత్తం మీద ఏ ఆవేశమూ లేదు. ఆనాటికి చేతిలో ఉన్న లక్షణాలు ఇవి. వాటిని బట్టి 1904లో థామ్సన్ చేసిన డయాగ్నోసిస్: ధనావేశం పుచ్చకాయ గుజ్జులా అంతటా పరుచుకుంది, ఎలక్ట్రాన్లు అందులో గింజలు. ఆ రిపోర్టులు చూసి మేమైనా అదే వ్రాసేవాళ్ళం.

1909లో మాంచెస్టర్‌లో గైగర్, ఇరవై ఏళ్ళ విద్యార్థి మార్స్‌డెన్ కలిసి పల్చటి లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలు వదిలారు. "లోపలంతా గుజ్జే అయితే ఏం కావాలి?" అన్నాం. "దూసుకుపోవాలి." "ఎలక్ట్రాన్ అడ్డొస్తే?" ఆల్ఫా కణం దానికంటె సుమారు 7,300 రెట్లు బరువు, ఏనుగుకు దోమ అడ్డొచ్చినట్టే. కాని కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. వాళ్ళ పుస్తకం లెక్కలో 12,000కు ఒకటి. అమ్మాయి కాసేపు ఊరుకుని, "అయితే లోపల ఏదో గట్టిది, బాగా చిన్నది ఉండాలి" అంది. రూథర్‌ఫర్డ్ ఆ మాట ప్రకటించడానికి 1911 దాకా పట్టింది! (మేము కొంచెం అందించామనుకోండి.)

ఎంత చిన్నది? బల్లమీద ఖర్జూరాలున్నాయి. రెండు సెంటీమీటర్ల గింజ తీసి, ఇది కేంద్రకమైతే పరమాణువు మన అల్ అహ్సా తోటల్లో రెండు కిలోమీటర్ల మేర అన్నాం. మధ్యనంతా దాదాపు ఖాళీయే.

బోర్ దగ్గర మేమే తడబడ్డాం. చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తి పోగొట్టుకుని కేంద్రకంలో పడిపోవాలి కదా? కొన్ని కక్ష్యల్లో తిరిగితే శక్తి పోదని 1913లో బోర్ అన్నాడు. "ఎందుకు పోదు?" పైతరగతుల్లో వస్తుందని తప్పించుకోబోయి, చివరికి మాకు తెలియదని ఒప్పుకున్నాం.

పరీక్షలో రూథర్‌ఫర్డ్ ప్రయోగమే వచ్చిందట. పుస్తకంలో వాక్యాలు కాకుండా ఖర్జూరపు గింజ వ్రాసి వచ్చింది. మార్కులు ఇంకా రాలేదు. వాళ్ళమ్మకు భయంగా ఉంది. మాకూ కొంచెం ఉంది.