గాజు పోగు సాక్ష్యం

నాడి పట్టి రోగం చెప్పే వైద్యుని గొప్పతనం అతని వేళ్లలో లేదు. వేలమంది నాడి చూసిన అనుభవంలో ఉంది. రోగాన్ని పసిగట్టే యంత్రాలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. గాజు పోగుతో పనిచేసే బయోసెన్సర్లు, అనగా జీవసంవేదకాలు, ఇందుకు చక్కని ఉదాహరణ.

వెంట్రుక వలె సన్నని గాజు పోగులో ఒక కొన నుండి ప్రవేశించిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ రెండవ కొనకు చేరుతుంది. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి 1954లో అటువంటి పోగుల కట్ట గుండా చిత్రాన్ని పంపవచ్చునని చూపాడు. బయోసెన్సరులో పోగు పైతొడుగును కొంతమేర తొలగించి, అక్కడ ప్రతిరక్షకాలను అంటిస్తారు. రక్తంలో రోగాన్ని సూచించే పదార్థం ఉంటే అది వాటికి అతుక్కుంటుంది. అప్పుడు కాంతి నడకలో స్వల్పమైన మార్పు వస్తుంది. కొన్ని రకాల పోగుల చివర ఆ కాంతి చుక్కల ముగ్గు వలె కనిపిస్తుంది. కెమెరా ఆ చిత్రాన్ని తీస్తుంది. రోగులవి, ఆరోగ్యవంతులవి అని ముందే తెలిసిన అనేక చిత్రాలను పోల్చి, కంటికి అందని తేడాలను కంప్యూటరు గుర్తించడం నేర్చుకుంటుంది. దీనినే యంత్రాభ్యసనం అంటారు.

ఇటువంటి పరికరాలు పెద్ద ప్రయోగశాలలు లేని పల్లెలకు ఎంతో మేలు చేయగలవు. యంత్రానికి స్వపరభేదం లేదు కనుక దాని మాటను నమ్మవచ్చునని కొందరి వాదన. అది సగమే నిజం. యంత్రం తాను చూసినదే నేర్చుకుంటుంది. చూడనిదాని విషయంలో తడబడుతుంది. వేలికి తగిలించి రక్తంలోని ఆక్సిజన్‌ను కాంతితో కొలిచే ఆక్సీమీటరు సంగతే చూడండి. అది నేర్చుకునే యంత్రం కాకపోయినా, అది నేర్పే పాఠం ఒకటే. ఆక్సిజన్ కొరత ఉన్నా అది గుర్తించలేకపోవడం తెల్లవారిలో కంటే నల్లజాతివారిలో దాదాపు 3 రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఆ పొరపాటు వల్ల, ప్రాణవాయువు అందవలసిన రోగికి అది అందకుండా పోయే ప్రమాదం ఉంది.

కాబట్టి యంత్రానికి పాఠం చెప్పేటప్పుడు అన్ని ప్రాంతాల, అన్ని వయసుల, అన్ని వర్ణాల ప్రజల నమూనాలు చూపాలి. అవి వారి అనుమతితోనే తీసుకోవాలి. అది చెప్పిన ఫలితాన్ని వైద్యుడు సరిచూడాలి. గాజు పోగు మంచి సాక్షి. కాని తీర్పు చెప్పవలసినది మానవుని వివేకమే.