రాజమల చూసి వస్తాం, పెట్టిముడి గురించి అడగం

మున్నార్ వెళ్లినవాళ్లు ఎరవికుళం జాతీయ ఉద్యానవనం చూడకుండా తిరిగి రారు. కేరళలోని ఇడుక్కి జిల్లాలో 97 చదరపు కిలోమీటర్ల మేర ఎత్తైన గడ్డి మైదానాలు, లోయల్లో షోలా అడవులు, వాటికి పైన 2,695 మీటర్ల ఆనముడి శిఖరం. దక్షిణ భారతదేశంలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. వరయాడు అని పిలిచే నీలగిరి కొండమేకలు ప్రపంచంలో మరెక్కడా లేనంత సంఖ్యలో ఇక్కడున్నాయి. 12 ఏళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, మళ్లీ 2030లో పూస్తుంది. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి విద్యార్థులు గుంపులుగా వెళ్తున్నారు. వెళ్లాలి కూడా. కొండలూ అడవులూ కొన్ని కులాల వాళ్ల విహారానికే పుట్టలేదు.

అయితే రాజమల గేటు దగ్గరికి చేరాలంటే తేయాకు తోటల మధ్య నుంచే వెళ్లాలి. ఆ తోటల్లో ఆకు కోసే ఆడవాళ్లు ఫోటోల్లో పడతారు కానీ పార్కు చరిత్రలో పడరు. ఆ చరిత్రను మనం కింది నుంచి చదవాలి.

1877లో జాన్ డేనియల్ మన్రో అనే తెల్లదొర పూంజార్ పాలకుల నుంచి ఈ కొండలను కౌలుకు తీసుకున్నాడు. కింది కొండలు తోటలయ్యాయి. తేయాకు పెట్టని పై మైదానాలు ప్లాంటర్లకు వేట మైదానాలయ్యాయి. అడవి జాడలు తెలిసిన ముత్తువన్ ఆదివాసులను ఆ దొరలు కాపలాకు పెట్టుకున్నారు. 1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి కణ్ణన్ దేవన్ కొండల్లో కంపెనీ సాగులో లేని భూమిని వెనక్కి తీసుకుంది. 1975లో ఎరవికుళం అభయారణ్యమైంది, 1978లో జాతీయ ఉద్యానవనమైంది. తుపాకి పోయి కెమెరా వచ్చింది. మంచిదే. కానీ ఆ భూమి కంపెనీ నుంచి అటవీ శాఖకు మారినప్పుడు, తోటల్లో తరాలుగా చాకిరీ చేసిన వాళ్లకు బతకడానికి సరిపడా సెంటు భూమైనా దక్కిందా?

ఎవరు వాళ్లు? కంగాణీల ద్వారా తమిళ జిల్లాల నుంచి కొండెక్కిన పళ్లర్, పరయర్, అరుంధతీయ కులాల వాళ్లే ఎక్కువ. తమిళనాడు అరుంధతీయుల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. అంటే ఈ కథ మనకు దూరపుదేమీ కాదు. ఊళ్లో భూమి లేకనే, ఊరి కులం భరించలేకనే వాళ్లు కొండెక్కారు. కొండ మీదా భూమి దొరకలేదు.

దేశమంతా పొగిడే కేరళ భూసంస్కరణలు 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కౌలుదారులు భూయజమానులయ్యారు. కానీ తోటలను భూపరిమితి నుంచి మినహాయించారు. దున్నేవాడికి భూమి అన్న నినాదం తోట సరిహద్దు దగ్గరే ఆగిపోయింది. 2007లో చెంగర ఎస్టేటును దళితులు ఆక్రమించి గుడిసెలు వేసుకున్నది ఈ మినహాయింపును ప్రశ్నించడానికే.

1951 నాటి తోట కార్మికుల చట్టం కార్మికులకు ఇల్లు చూపించే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. వినడానికి ఇది హక్కులా ఉంటుంది. ఆచరణలో అది సంకెల. ఉద్యోగం ఉన్నంతకాలమే ఇల్లు. రిటైరైన రోజు ఖాళీ చేయాలి, లేదంటే కొడుకో కోడలో అదే తోటలో పనికి దిగాలి. చదువుకున్న పిల్లలు కూడా తల్లిదండ్రుల తల మీద కప్పు నిలబెట్టడానికి తోటకు కట్టుబడతారు. తరం తర్వాత తరం కులమూ కూలీ కలిసే వారసత్వంగా వస్తున్నాయి.

రాజమల నుంచి కొద్ది కిలోమీటర్లు ముందుకు వెళితే పెట్టిముడి. 2020 ఆగస్టు 6 రాత్రి కుండపోత వానలో కొండ విరిగి అక్కడి కూలీ లైన్ల మీద పడింది. 70 మంది చనిపోయారు. నలుగురి శవాలు కూడా దొరకలేదు. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. సంగతి బయటి లోకానికి తెలిసేసరికి తెల్లవారింది. మర్నాడే కోళికోడ్ విమానాశ్రయంలో విమాన ప్రమాదం జరిగింది. విమానంలో చనిపోయిన వారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షలు ప్రకటించింది. పెట్టిముడి మృతుల కుటుంబాలకు ప్రకటించింది 5 లక్షలు. రెండు చోట్లా పోయింది ప్రాణాలే. రేటెందుకు మారింది?

దీన్ని ప్రకృతి వైపరీత్యం అని సరిపెట్టారు. వాన ప్రకృతిదే. కానీ ఏ వాలు మీద లైన్లు కట్టాలో, ఒక్కో కుటుంబానికి ఎన్ని గదులివ్వాలో ప్రకృతి తేల్చలేదు. అక్కడ ఉండాలా వద్దా అని ఎంచుకునే వీలు కూలీకి లేదు. సొంత ఇంటి జాగా లేకపోవడం వల్లే ఆ 70 మంది ఆ రాత్రి అక్కడ పడుకున్నారు.

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరయాడులు ఈనే కాలం. అప్పుడు పార్కును పర్యాటకులకు మూసేస్తారు. టికెట్ల ఆదాయం పోయినా సరే, తల్లీ పిల్లా బాగుండాలని. ఈ శ్రద్ధను మేము తప్పు పట్టడం లేదు, సమర్థిస్తున్నాం. ఒక ప్రాణి బతకడానికి భూమి, భద్రత, నిశ్శబ్దం కావాలని ప్రభుత్వానికి తెలుసని ఇది రుజువు చేస్తోంది. మరి కూలీ లైన్ల విషయానికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుంది? మనిషినీ జంతువునూ పోటీకి పెట్టడం కంపెనీలకు లాభం. మన డిమాండు ఇద్దరి బతుకూ.

ఈ కొండల్లో నోరెత్తిన చరిత్ర కూడా ఉంది. 2015 సెప్టెంబరులో బోనస్‌ను 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు వేలమంది ఆడవాళ్లు మున్నార్ రోడ్ల మీద కూర్చున్నారు. పొంబిలై ఒరుమై, అంటే ఆడవాళ్ల ఐక్యత. పార్టీల యూనియన్ నాయకులను దగ్గరికి కూడా రానివ్వలేదు. తొమ్మిది రోజుల్లో 20 శాతం సాధించారు. 2005 నుంచి కార్మికులు వాటాదారులుగా ఉన్న కంపెనీలోనే ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి. వాటా కాగితం ఇచ్చినంత మాత్రాన అధికారం రాదు. ఆ సమ్మె పర్యాటకాన్నీ స్తంభింపజేసింది. మున్నార్ ఎవరి చేతుల మీద నడుస్తోందో అప్పుడు అందరికీ కనిపించింది.

ముత్తువన్లదీ ఇలాంటి స్థితే. పెట్టిముడి దాటి వెళితే వచ్చే ఎడమలక్కుడి 2010లో కేరళలో తొలి ఆదివాసీ గ్రామపంచాయతీ అయింది. అయినా రోగులను భుజాల మీద మోసుకెళ్లిన వార్తలు ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ అడవి నుంచి కదిలించకూడదు. నల్లమల చెంచుల విషయంలో మనం పట్టుబడుతున్నదీ ఇదే.

పార్కుకు వెళ్లొద్దని మేము అనడం లేదు. వెళ్లేవాళ్లు లైన్ల ముందు బస్సు దిగి మాట్లాడండి. ఇంటి పట్టా ఉందా అని అడగండి. రిటైరైన కార్మికులకు వాళ్ల పేరు మీద ఇల్లూ జాగా ఇవ్వాలి. ప్రమాదకరమైన వాలుల మీది లైన్లను సురక్షిత చోటికి మార్చాలి. తోటల మినహాయింపును తిరిగి చర్చకు పెట్టాలి. 2030లో కురింజి పూసేనాటికి రాష్ట్రమంతా రోడ్లూ పార్కింగులూ సిద్ధం చేస్తుంది. అదే గడువులోగా ఆకు కోసే చేతులకు పట్టాలు అందాయా లేదా అన్నదే మనం లెక్క చూడాల్సిన విషయం.