‘బార్డర్‌లోనే ఉంది కదా!’



పోయిన నెల జమ్మలమడుగులో మా మాయికాకి వెళ్లినప్పుడు అమ్మీ అల్మారా సర్దాను. పట్టుచీరల కింద ఒక పాత ల్యాబ్ రిపోర్టు దొరికింది. తొమ్మిదేళ్ల నాటిది. పరగడుపు షుగర్ 118 అని ఉంది. ఆ రోజు ఇంట్లో అనుకున్న మాట నాకింకా గుర్తే. “బార్డర్‌లోనే ఉంది కదా, అల్‌హమ్దులిల్లాహ్” అన్నారు అబ్బా. రిపోర్టు చీరల కిందికి పోయింది. సాయంత్రం చాయ్‌లో ఎప్పటిలాగే రెండు చెంచాల చక్కెర పడింది. తర్వాత ఎవరం మళ్లీ పరీక్ష చేయించలేదు. కాలి పుండు ఎంతకీ మానకపోతే అప్పుడు తెలిసింది, షుగర్ ఎప్పుడో వచ్చేసిందని. నిరుడు అమ్మీకి ఎడమకాలి బొటనవేలు తీసేశారు.

ఆ రోజు షుక్ర్ చెప్పడం తప్పు కాదు. దేనికి చెప్తున్నామో తెలియకపోవడమే మా గఫ్లత్. జబ్బు ముదరకముందే అల్లాహ్ ఇచ్చిన మొహలత్ అది. వాడుకోకుండా చీరల కింద దాచేశాం.

మనం ‘బార్డర్ షుగర్’ అనేదాన్నే డాక్టర్లు ప్రీడయాబెటిస్ అంటారు. ఎక్కువమంది డాక్టర్లు చూసే లెక్క ఇది: పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మరోసారి చూసి షుగర్ జబ్బు అని తేలుస్తారు. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అయితే 5.7 నుంచి 6.4 దాకా బార్డర్, 6.5 నుంచి జబ్బు. ఖూన్ తక్కువగా ఉన్న ఆడవాళ్లకి ఈ రెండో పరీక్ష తప్పుగా చూపించవచ్చు. అందుకే రెండూ చేయించుకోవడం మంచిది.

లోపల జరిగేది ఇది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండల్లోకి పంపేది ఇన్సులిన్. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని, ఒళ్లు కదలకపోతే కండలు ఇన్సులిన్ మాట వినవు. పాంక్రియాస్ ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లకి అలసిపోతుంది. ఈ కాలమంతా నొప్పి ఉండదు, దాహం ఉండదు. అందుకే ‘నాకేం తక్లీఫ్ లేదు’ అనే మాటని నమ్మకండి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల మందికి పైనే, బార్డర్‌లో ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షల మంది.

“మా ఖాందాన్‌లో అందరికీ ఉంది, తకదీర్” అని చాలామంది చేతులెత్తేస్తారు. ఖాందాన్‌లో ఉండటం మనం ముందుగా పరీక్ష చేయించుకోవడానికి కారణం కావాలి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం బార్డర్‌లో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్న వాళ్లలో నూటికి 39 మందికి వచ్చింది. అందరూ తప్పించుకోలేదు, నిజమే. కానీ నూటికి 16 మంది తప్పించుకున్నారు. వాళ్లలో ఒకరు మన అమ్మీ అయి ఉండొచ్చు కదా.

ఇక దస్తర్‌ఖాన్ సంగతి. మా నానీ కాలంలో ఈ సీమలో రోజూ జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. వరి అన్నం పండక్కి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింటి ఆకలి తీరింది. అది నేమత్. కానీ పొలం పని తగ్గి దుకాణంలో కూర్చునే పని పెరిగినా పళ్లెంలో అన్నం కుప్ప తగ్గలేదు. ప్రొద్దుటూరులో మా ససురాల్ వాళ్లది బట్టల దుకాణం. పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే ఉంటారు, మధ్యలో ఐదారు చాయ్‌లు. సంగటి తింటే షుగర్ రాదనుకోవడం కూడా పొరపాటే. ముద్ద పెద్దదైతే అదీ పెంచుతుంది. బెల్లం, తేనె, ఖజూర్ కూడా అంతే. అన్నం సగం చేసి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచండి. పులివెందుల చీనీకాయ ఒలుచుకుని తినండి, ఇఫ్తార్‌లో చక్కెర వేసిన రసం మానండి.

నా అసలు ఫిక్ర్ ఆడవాళ్ల గురించి. మగవాళ్లకి ఫజ్ర్ తర్వాత నడవడానికి రోడ్డు ఉంది. మన ఆడవాళ్లు నడుస్తామంటే “లోగ్ క్యా కహేంగే” అంటారు. పర్హేజ్ ఖానా అని తనకోసం వేరే వండుకునే ఇల్లాలు ఉండదు. పారేస్తే గునాహ్ అని మిగిలిందంతా తనే తింటుంది. కూతురి రిపోర్టు అయితే రిష్తా చెడుతుందని దాచేస్తాం. కాబట్టి మారాల్సింది ఇంటి హండీ మొత్తం. అది ఇంట్లో అందరికీ మేలే. ఇషా తర్వాత మియా బీవీ కలిసి అరగంట నడిస్తే ఎవరేమంటారు? వారానికి ఐదు రోజులు నడవండి. 70 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా ఎంతో ఫాయిదా.

ముప్పై దాటిన వాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితం. నడుము మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటినా, హమల్‌లో షుగర్ వచ్చి పోయినా ఆలస్యం చేయకండి. మందు అవసరమా కాదా అనేది డాక్టర్ చెప్తారు. బార్డర్ అని తేలితే కనీసం ఏడాదికోసారి మళ్లీ చూపించుకోండి.

మొన్న పులివెందుల నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. రెండో కాన్పులో తనకి షుగర్ వచ్చి పోయింది. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చిందట. “ఆపా, బార్డరేనంట, ఏం పరవాలేదంట” అంది. ఆ కాగితం అల్మారాలో పెట్టొద్దని, వంటింటి గోడకి అంటించమని చెప్పాను. ఈ ఇత్వార్ నేనే వెళ్లి చూసి వస్తాను, ఇన్షా అల్లాహ్.