వాట్సాప్‌ పాలనకు మరో దారి
చాట్‌జీపీటీ వంటి ఏఐ చాట్‌బాట్లకు 2026 జనవరి 15 నుంచి వాట్సాప్‌ వ్యాపార వేదికపై చోటు లేదని మెటా నిర్ణయించింది. సొంత ఏఐకి మాత్రం తలుపు తెరిచే ఉంచుకుంది. ఈ వేటు ప్రభుత్వ సేవలపై పడలేదు. అంతమాత్రాన అమరావతి నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. 2025 జనవరిలో 161 సేవలతో మొదలైన ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వ వాట్సాప్‌ సేవ ‘మన మిత్ర’ నడుస్తున్నదీ ఆ వేదిక మీదే. ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తప్పడం మేలే, కాదనలేం. కానీ షరతులు రాసేది, రుసుము మార్చేది ఒక ప్రైవేటు సంస్థ. కాబట్టి వాట్సాప్‌లో దొరికే ప్రతి సేవా చవక ఫోన్‌లోని మామూలు బ్రౌజర్‌లోనూ, తెలుగులో, అంతే సులువుగా అందాలి. ఈ సేవల కోసం 2024 అక్టోబరులో మెటాతో కుదిరిన ఒప్పందం పూర్తి పాఠాన్ని ప్రభుత్వం శాసనసభ ముందుంచాలి.