చచ్చిన టెస్టును పాస్ అనకండి

తోటి టెస్టర్లకు, డెవలపర్లకు, రిలీజ్‌కు సరేనని చెప్పే లీడ్‌లకు విజ్ఞప్తి

పొద్దున్నే ఆఫీసుకొచ్చి రాత్రి నడిచిన బిల్డ్ చూస్తాం. పచ్చగా కనిపిస్తే రిలీజ్ పనిలో పడిపోతాం. ఆ పచ్చరంగు రెండు రకాలుగా రావచ్చు. టెస్టులన్నీ నడిచి పాసై ఉండొచ్చు. లేదా ఏదో ఒక టెస్టు మధ్యలో ప్రాసెస్‌తో సహా కుప్పకూలి, ఆ సంగతి రాసేవాళ్లు లేక రిపోర్టు మామూలుగానే కనిపిస్తూ ఉండొచ్చు. ఈ రెండింటి తేడా మన ఫ్రేమ్‌వర్క్‌కు తెలుసా?

మేం కోరేది ఇదీ: ప్రతి టీమూ కావాలని క్రాష్ అయ్యే టెస్టునీ, కావాలని హ్యాంగ్ అయ్యే టెస్టునీ రాసి తన ఫ్రేమ్‌వర్క్‌కు ఇవ్వాలి. అవి రిపోర్టులో తమ పేర్లతో, క్రాష్‌గా, టైమౌట్‌గా పడుతున్నాయని ప్రతి బిల్డ్‌లోనూ రుజువు చేసుకోవాలి.

మామూలు ఫెయిల్‌ను రిపోర్టు చేయడం తేలిక. అసెర్షన్ తప్పినా ప్రాసెస్ బతికే ఉంటుంది, ఏ లైన్‌లో ఏం తేడా వచ్చిందో అదే రాస్తుంది. క్రాష్ అయితే రాయాల్సిన ప్రాసెసే పోతుంది. గస్తీ తిరిగేవాడు స్పృహ తప్పి పడిపోతే ఆ రాత్రి ఈల వినపడదు, ఊరు మాత్రం దొంగలు రాలేదనుకుంటుంది. మెమరీ అయిపోయినప్పుడు లినక్స్ కెర్నల్ 9వ నంబరు సిగ్నల్‌తో ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు, చివరి లైను రాసుకునే వ్యవధి కూడా దొరకదు. కాబట్టి ఆ చావును బయట ఉన్న ఇంకో ప్రాసెస్ చూసి రాయాలి.

బయటివాడికి దొరికే ఆధారం ఎగ్జిట్ కోడ్. షెల్‌లో సిగ్నల్ నంబరుకు 128 కలిపిన అంకె వస్తుంది. 139 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, 134 అంటే అబార్ట్, 137 అంటే కిల్. గ్నూ వారి ‘టైమౌట్’ కమాండ్ గడువు దాటితే 124 ఇస్తుంది. ఇంత స్పష్టమైన ఆధారాన్ని ఒక్క పైపు గుర్తు చెరిపేస్తుంది. లాగ్ దాచుకుందామని టెస్టు కమాండ్ పక్కన పైపు పెట్టి ‘టీ’ కమాండ్ తగిలిస్తే, బాష్ మనకు చెప్పేది ‘టీ’ ఎగ్జిట్ కోడ్. అది సున్నా. ‘పైప్‌ఫెయిల్’ పెట్టి ఉండకపోతే టెస్టులు చచ్చినా బిల్డ్ పచ్చగానే ఉంటుంది. మీ స్క్రిప్టులో ఆ మాట ఉందో లేదో ఈరోజే చూడండి.

పరీక్షిస్తున్న కోడే మధ్యలో సున్నా కోడ్‌తో ఎగ్జిట్ అయిపోతే ఇంకా ప్రమాదం. మిగిలిన టెస్టులన్నీ మాయమైనా ఎగ్జిట్ కోడ్‌లో తప్పు కనపడదు. దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. పెర్ల్ లోకంలో పుట్టిన టాప్ (టెస్ట్ ఎనీథింగ్ ప్రోటోకాల్) పద్ధతిలో ఎన్ని టెస్టులు నడుపుతుందో టెస్టు ఫైలు ముందే ప్రకటించవచ్చు. 10 అని చెప్పి 7 దగ్గర ఆగితే లెక్క తప్పిందని హార్నెస్ పట్టేస్తుంది. గూగుల్ టెస్ట్‌లో మరో ఉపాయం: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒక ఫైలు పేరు ఇస్తే, మొదట్లో ఆ ఫైలును సృష్టించి, సవ్యంగా ముగిసినప్పుడే తీసేస్తుంది. ఫైలు మిగిలిందంటే రన్ మధ్యలోనే ఆగిపోయిందన్నమాట.

టైమౌట్ ఇంకా చిక్కు. ‘పైటెస్ట్ టైమౌట్’ ప్లగిన్‌లో రెండు పద్ధతులున్నాయి. సిగ్నల్ పద్ధతిలో గడువు దాటిన టెస్టు ఒక్కటే ఫెయిలై మిగతావి కొనసాగుతాయి. కానీ టెస్టు సీ కోడ్‌లో ఇరుక్కుంటే, పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌కు అదుపు తిరిగొచ్చేదాకా ఆ సిగ్నల్ హ్యాండ్లర్ నడవదు. థ్రెడ్ పద్ధతి అన్ని థ్రెడ్‌ల స్టాక్‌లూ ప్రింట్ చేసి మొత్తం ప్రాసెస్‌నే ముగించేస్తుంది, జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ రిపోర్టు రాయదు. ఇప్పుడు వర్క్‌స్పేస్‌లో నిన్నటి రిపోర్టు ఫైలు అలాగే ఉందనుకోండి. డ్యాష్‌బోర్డు దాన్నే చదివితే నిన్నటి పాస్‌లు ఈవేళ్టి పాస్‌లుగా మేనేజర్ ముందుకు వెళ్తాయి. అందుకే రన్ మొదలవగానే పాత రిపోర్టు చెరిపేయాలి, కొత్త రిపోర్టు రాకపోతే దాన్నే ఫెయిల్‌గా లెక్కించాలి.

టెస్టు తెరిచిన బ్రౌజరో డేటాబేస్ సర్వరో ఉంటే ఇంకో తంటా. పేరెంట్‌ను చంపినా చైల్డ్ ప్రాసెస్ బతికుండి అవుట్‌పుట్ పైపును పట్టుకుని కూర్చుంటే, ఆ పైపు మూసుకునేదాకా రన్నరే హ్యాంగ్ అవుతుంది. హ్యాంగ్ టెస్టులో చైల్డ్ ప్రాసెస్ తప్పక ఉండాలని మేం పట్టుబట్టేది ఇందుకే.

కావాలని చచ్చే టెస్టులు రాయడం కొత్త వింత కాదు. వెబ్‌కిట్ బ్రౌజర్ ఇంజిన్‌లో లేఅవుట్ టెస్టులు నడిపే ప్రోగ్రామ్‌కు సొంత యూనిట్ టెస్టులున్నాయి. వాటికోసం ఒక నకిలీ పోర్ట్ తయారుచేసి, క్రాష్ అయ్యేవి, టైమౌట్ అయ్యేవి, హ్యాంగ్ అయ్యేవి అని టెస్టులు పెట్టుకున్నారు. రన్నర్ వాటిని సరిగ్గా గుర్తుపడుతోందా లేదా అన్నదే అక్కడి పరీక్ష.

కావాలని చచ్చే టెస్టు పెడితే బిల్డ్ ఎర్రగా అవుతుంది కదా అని కొందరు అడుగుతారు. కాదు. బయటి టెస్టు ఒకటి రన్నర్‌ను వేరే ప్రాసెస్‌గా పిలుస్తుంది, చచ్చే టెస్టు ఆ లోపలి రన్‌లో ఉంటుంది. బయటి టెస్టు రిపోర్టు చదివి, క్రాష్ పేరు కనిపిస్తే పాస్ అవుతుంది. పైటెస్ట్‌లో ‘పైటెస్టర్’ ఫిక్స్చర్ ఈ పనికే ఉంది. అయితే అదే ప్రాసెస్‌లో నడపకండి, సబ్‌ప్రాసెస్‌లో నడపండి. లేకపోతే క్రాష్ బయటి టెస్టును కూడా తీసుకుపోతుంది. లోపలి గడువు రెండు సెకన్లు పెట్టుకుంటే రోజువారీ బిల్డ్‌కు ఇది భారం కాదు.

మళ్లీ నడిపితే పాసయ్యింది కదా అని క్రాష్‌ను వదిలేసే అలవాటును మేం గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. రెండోసారి పాసైనా మొదటి క్రాష్ రిపోర్టులో ఉండాల్సిందే, ఏ సిగ్నల్‌తో పోయిందో, చివరి స్టాక్ ఏమిటో సహా. దాని వెనక నడవకుండా మిగిలిపోయిన టెస్టులను ‘నడవలేదు’ అని విడిగా చూపాలి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో టెస్టింగ్ చెప్పే గురువులకూ ఇదే మనవి. ఒక్క క్లాసులోనైనా ప్రాసెస్‌ను విద్యార్థుల చేతే చంపించి, రిపోర్టు ఏమంటోందో చదివించండి. లీడ్‌లు వచ్చే రిలీజ్ చెక్‌లిస్టులో ఒక లైను చేర్చండి: క్రాష్, హ్యాంగ్, మధ్యలో ఎగ్జిట్, ఈ మూడింటినీ మన ఫ్రేమ్‌వర్క్ పట్టుకున్నట్టు ఈ బిల్డ్‌లో రుజువుందా? లేకపోతే ఆ రిలీజ్ ఆపండి.