సెలవుల ఉద్యోగం – కోత పడిన పన్ను

కళాశాల సెలవుల్లో మీ అబ్బాయి ఒక సంస్థకు అనువాదాలు చేసి పెట్టాడనుకోండి. ఒప్పుకున్న ప్రతిఫలం 60,000 రూపాయలు, చేతికందినది 54,000. వృత్తి రుసుము ఏడాదిలో 50,000 దాటినందున పది శాతం పన్ను ముందుగానే మినహాయించి ప్రభుత్వానికి జమకట్టారు. పాన్ సంఖ్య ఇవ్వకపోతే ఈ కోత ఇరవై శాతం అయ్యేది.

కోత చట్టసమ్మతమే. కాని 2025–26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానంలో, 4,00,000 రూపాయల వరకు ఆదాయంపై పన్ను లేదు. వేరే ఆదాయం లేకుంటే ఆ 6,000 అతడిదే. అయితే అడగనిదే తిరిగి రాదు.

ముందుగా ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఫారం 26ఏఎస్ చూడాలి. కోసిన సొమ్ము అతడి పాన్ కింద కనిపించకపోతే, సంస్థను అడిగి సరిచేయించుకోవాలి. పిమ్మట రిటర్ను దాఖలు చేసి, ముప్పయి రోజుల్లోగా ధ్రువీకరించాలి. ధ్రువీకరించని రిటర్ను దాఖలు చేయనట్లే లెక్క. గడువులోపు దాఖలైతే, ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా కలుస్తుంది. గడువు తప్పినవారికి 2026 డిసెంబరు 31 వరకు అవకాశముంది.

చిన్న మొత్తమే కదా అని వదలివేయకండి. విద్యార్థికి అది ఒక పరీక్ష రుసుము కావచ్చు.