లిపి కనబడుట వేఱు, భాష నిలుచుట వేఱు

బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండియు ఖరగ్‌పూరులో తెలుగువారు స్థిరపడియున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు ఆమోదించెను. కాని ప్రతిపత్తి లభించినంత మాత్రమున వ్రాతలు నిలువవు. ఇట్టి తావుల కంప్యూటరు ప్రతులను సేకరించువారు ముందుగా తేల్చుకొనవలసిన విషయ మొకటి కలదు.

యూనికోడ్ వ్యాప్తికి పూర్వపు తెలుగు ఫాంటులు పెక్కింటిలో ఆంగ్లాక్షరముల సంకేతస్థానములందే తెలుగు అక్షరఖండములు కూర్చబడినవి. అట్టి ‘డాక్’ ఫైలును లిబ్రే ఆఫీసు ‘ఓడీటీ’గా మార్చును. మారునది పెట్టెయే, లోని సంకేతములు మారవు. ఫాంటుల మార్పిడి పట్టికలో యూనికోడ్ ఫాంటును నిర్దేశించినచో ఆంగ్లాక్షరముల కలగాపులగమే కనబడును. పీడీఎఫ్ ప్రతి యున్న చాలుననువారు కలరు. దానియందు రూపము చక్కగానే యుండును. తెలుగు పదమును వెదకినచో దొరకదు.

‘స్త్రీ’ అను మాటను చూడుడు. పాత ఫాంటులలో సాధారణముగా ‘సీ’ ముందు, ఒత్తులు పిదప వచ్చును. యూనికోడులో గుడిదీర్ఘము అన్నింటికిని చివర నుండును. కావున పరివర్తకము సంకేతములనే కాక వాని క్రమమును గూడ మార్చవలెను.

ఏ ఫాంటున కా పట్టికను అమర్చి, ఫలితమును అచ్చుప్రతితో సరిచూచి, మూలఫైలును ఫాంటుతో సహా భద్రపఱచుట తెలుగు శాఖల విధి. బంగాళీ, హిందీల సాంగత్యమున ఖరగ్‌పూరు తెలుగు పొందిన మార్పులను పరిశీలింపదలచినవానికి, వెదకుటకు వీలుపడని ప్రతి యుండియు లేనిదే.